ఆనందం నమోదైంది

ఆ ఉదయం గడియారాల మెకానిక్ వేసుకున్న పథకం చిన్నదే. అత్తగారిని మధ్యాహ్నం రైలెక్కించడం, తన పనిగదిని తిరిగి దక్కించుకోవడం. మామగారి గురక పడలేక, నాలుగు రోజులు హాయిగా నిద్రపోదామని వచ్చిన ఆవిడకు ఆ గదే ఇచ్చారు. ఆవిడ ఊరుకోక బల్ల సర్దింది. విడివిడి గిన్నెల్లో ఉన్న బుల్లి మరలను సగం వరకు ఒకే సీసాలో పోసింది. ఆ సీసా చూసినప్పటినుంచీ అతని రక్తపోటు కొండెక్కి కూర్చుంది.

డాక్టరు సలహా మీద భార్య అతని చేతికో పట్టీ తొడిగింది. గుండె వేగం పెరిగినప్పుడల్లా అది పైకే కారణం అడిగి, చెప్పింది నమోదు చేసుకుంటుంది. రాత్రి అదంతా విని మనసు చక్కదిద్దుకోవాలట.

కాఫీ వేళ అత్తగారు సీసాతో వచ్చింది. "వెళ్ళేలోగా మిగతా గిన్నెలు కూడా ఇందులో పోసేశాను, అల్లుడుగారూ."

"గుండె వేగం పెరిగింది. ఎలా అనిపిస్తోంది?" అంది పట్టీ.

భార్య పక్కనే ఉంది. అతను ఆనందంగా ఉందన్నాడు. కారణం అడిగితే అత్తయ్యగారన్నాడు. ఆ దిక్కుమాలిన క్షణంలో నోటికి వేరే మాట రాలేదు.

ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇంత ప్రేమ పెట్టుకున్న మనిషిని వదిలి ఎలా వెళ్ళనని ప్రయాణం మానుకుంది. అతని గుండె దడదడలాడింది. పట్టీ ఇక అడగనైనా అడగకుండా, ఆనందం ఇంకా పెరిగిందని ప్రకటించింది. భార్య మురిసిపోయి ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది.

ఇక ఆవిడ గడప దాటితే ఆనందం, దగ్గితే ఆనందం. సాయంత్రానికి ఒళ్ళు మండి పట్టీ విప్పి బల్లమీద పడేశాడు. తన గుండె ఎలా ఉందో చూసుకుందామని అత్తగారు దాన్ని తొడుక్కుంది. అతను ఇక దాచలేకపోయాడు.

"అత్తయ్యగారూ, అది ఆనందం కాదండీ. నా మరలు..."

ఆవిడ కోప్పడలేదు. గోడలనిండా ఉన్న గడియారాల వంక చూసింది. "బతికించారు బాబూ. వీటి టిక్కుటిక్కులకి ఒక్క రాత్రీ కన్ను మూతపడలేదు. మీ మామగారి గురకే నయం. మీ మనసు కష్టపెట్టలేక ఆగాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళకు అత్తా అల్లుడూ మొదటిసారి కలిసి నవ్వుకున్నారు. ఆవిడ పెట్టె సర్దుతుంటే అతనే బట్టలు మడిచి అందించాడు.

అంతలో భార్య తలుపు తీసింది. వెనక పెట్టెతో మామగారు.

"మీ ఆనందం చూసి నాన్నని కూడా రమ్మన్నానండీ. నెల్లాళ్ళు ఈ గదిలోనే ఇద్దరూ సర్దుకుంటారు."

మామగారు ఆవలించాడు.

"ఇంత ఆనందం ఇదివరకెన్నడూ నమోదు కాలేదు," అంది అత్తగారి చేతికున్న పట్టీ.