పై వరుసలో ఎవరుండాలి?

"నేటి నుంచి ఈ కార్యాలయంలో అందరూ సమానులే! పనివేళల్లో వీడియోలు బంద్. మొట్టమొదట బంద్ అయ్యేది నా గదిలోనే!"

డైరెక్టరుగారు బల్ల గుద్ది మరీ ప్రకటించారు. హాలంతా చప్పట్లు! వెనక కుర్చీలో ఉన్న నెట్‌వర్క్ ఇంజనీరమ్మ మాత్రం కొట్టలేదు. బంద్ చేసి చావాల్సింది తనే మరి! పైగా ఆమెది కాంట్రాక్టు కొలువు. నెలాఖరులోగా డైరెక్టరుగారు సంతకం పెడితే ఉంటుంది, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

మీటింగు అయీ అవకముందే కబురొచ్చింది. డైరెక్టరుగారు గది తలుపు తనే మూసి, గొంతు తగ్గించారు.

"అందరికీ బంద్ అన్నాను కదమ్మా, నా గదికి మాత్రం తెరిచి ఉంచు. అధ్యయనం కోసం!"

ఆ అధ్యయనమేమిటో ఆఫీసంతటికీ తెలుసు. భోజనం కాగానే కుస్తీ పోటీలు.

"అలాగే సార్. అన్ని గదులకీ నెట్ పంచే స్విచ్చిలో నియమాలు వరసగా రాస్తాం. అది పైనుంచి చదువుకుంటూ వచ్చి, వర్తించే నియమం తగలగానే ఆగిపోతుంది. కింద ఏముందో చూడనే చూడదు. అందుకని మీ మినహాయింపు పైన, నిషేధం కింద..."

"నిషేధం కిందా!" డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "రేపు పై అధికారి తనిఖీకొస్తే మొదట నా మినహాయింపే కనబడాలా? పైన ఆదర్శం ఉండాలమ్మా! మినహాయింపులు ఎక్కడో అడుగున పడుండాలి. నా సర్వీసంతా ఉత్తర్వులు అలాగే రాశాను!"

"అలా రాస్తే మీక్కూడా..."

"నీకు సంతకం కావాలా, వద్దా?"

కావాలి. ఒళ్లు మండిపోతున్నా, ఆయన చెప్పింది చెప్పినట్టే రాసింది.

మర్నాడు పై అధికారి వచ్చారు. డైరెక్టరుగారు ఇంజనీరమ్మను పక్కన నిలబెట్టుకుని, తన గదిలోని కంప్యూటర్‌లో ఆ నియమాల పై వరుస ఒక్కటే కనబడేలా పెట్టి చూపించారు.

"ఇలాంటి ఆదర్శాలు బోలెడు చూశానయ్యా! ఏదీ, ఇక్కడే ఓ వీడియో పెట్టు."

డైరెక్టరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. దారి తెరిచే ఉందని ఆయన నమ్మకం! గత్యంతరం లేక నొక్కారు. రాలేదు. ప్రాణం లేచొచ్చింది. మళ్లీ నొక్కారు. రాలేదు. ఈసారి మధ్యాహ్నం కుస్తీ గుర్తొచ్చి ఉసూరుమన్నారు.

"శభాష్! డైరెక్టరు గదిలోనే బంద్ అయిన ఆఫీసు నా జన్మలో చూడలేదు!" పై అధికారి వీపు తట్టారు. డైరెక్టరుగారు పైకి నవ్వుతూనే, ఇంజనీరమ్మను కళ్లతోనే కాల్చేశారు. సంతకం గోవిందా అని ఆమెకు అర్థమైపోయింది.

వెళ్తూ వెళ్తూ పై అధికారి ఆమెను వరండాలోకి పిలిచారు.

"మా హెడ్డాఫీసుక్కూడా ఇలాగే బంద్ పెట్టాలమ్మా. అక్కడికొచ్చెయ్, ఉద్యోగం ఇప్పిస్తాను."

ఆమె తన చెవులను తనే నమ్మలేకపోయింది. "పర్మనెంటేనా సార్?"

ఆయన అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించారు.

"ఒకవేళ... ఒక్క గదికి మినహాయింపు కావాలంటే ఎక్కడ రాయాలి?"

"అన్నిటికంటే పైన సార్."

"నా గది అక్కడున్నంతకాలం పర్మనెంటే!"