గరిటె పెట్టకూడని పులుసు

ఆ ఉదయం జ్ఞానప్రకాశం వేసిన పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. అతన్ని పెంచి పెద్దచేసిన ఏసుమణి పిన్నమ్మ బిట్రగుంట నుంచి భోజనానికి వస్తోంది. అతను ఆఫీసు ఉద్యోగం మానేసి ఏడాదిగా ఇంట్లో వండుకుంటూ హాయిగా ఉన్నాడనీ, కృష్ణపట్నం పోర్టులో క్రేను నడిపేది భార్య ఫ్లోరా అనీ ఆమెకు తెలియదు. తెలిస్తే ఆమె గుండె పగులుతుందని అతని బెంగ. అందుకే ఈ ఒక్క పూటకి ఫ్లోరా హెల్మెట్ అతని నెత్తికెక్కింది. కొంగు బిగించి ఫ్లోరా వంటింట్లో నిలబడింది. చేపల పులుసు అతను రాత్రే కాచి సిద్ధంగా ఉంచాడు.

"ఇంట్లో ఆ టోపీ ఏందిరా?" అంది పిన్నమ్మ రాగానే.

"పోర్టు రూలు పిన్నమ్మా. తీస్తే జీతం కోస్తారు."

"పాపం బిడ్డ! మగోడు డ్యూటీలో, ఆడది పొయ్యికాడ. సంతోషమంటే ఇదేరా," అని మురిసిపోయి, సంచిలోంచి పచ్చి వంజరం చేప తీసింది. "ఫ్లోరా, నా కళ్ళముందే చెయ్యి, చూస్తా."

కాచిన పులుసు కాచినట్టే ఉండిపోయింది. అది చాలదన్నట్టు, కోడలి పనితనం చూద్దురు రమ్మని పిన్నమ్మ ఆ వీధిలోని చర్చి ఆడవాళ్ళను నలుగురిని పిలుచుకొచ్చింది. ఎంత బరువు కంటైనరునైనా పూలబుట్టలా దించే ఫ్లోరాకు చేప ముక్కల దగ్గర చెమటలు పట్టాయి. ముక్కలు ఉడుకుతుండగా గరిటె దించి గిరగిరా తిప్పింది.

జ్ఞానప్రకాశం ప్రాణం గిలగిల్లాడింది. "గరిటె పెట్టబాక! ముక్క చితికిపోద్ది!"

ఒక్క దూకున వచ్చి, గుడ్డతో దబరగిన్నె అంచులు పట్టుకుని మెల్లగా కుదిపాడు. ముక్క చెదరలేదు. చర్చి ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతనికి మాత్రం భయం, సిగ్గు రెండూ ఒకేసారి వదిలిపోయాయి.

"వంట నాది పిన్నమ్మా. క్రేను ఆమెది. ఆ ఆఫీసులో నేను చస్తా బతికినా. ఇప్పుడు ఇద్దరం బాగుండాం."

ఫ్లోరా అతని నెత్తిమీది హెల్మెట్ తీసి తను పెట్టుకుంది. "ఒక్క పూటే సెలవు పెట్టా, ఇంకా సగం షిఫ్టుంది. పోయొస్తా అత్తమ్మా," అని ఈల వేసుకుంటూ వెళ్ళింది.

పిన్నమ్మ కళ్ళు దబర మీదే ఉన్నాయి. "మీ చిన్నాయన గూడా ఇట్టాగే కుదిపేవోడురా."

"మరి పులుసంటే బిట్రగుంటంతా నీ పేరే గదా?"

"ఆయనకి సిగ్గు. అందరికీ నా పేరే చెప్పేవోడు. ఒక్కసారన్నా నీ మాదిరి నోరు తెరిచుంటే ఎంత బాగుండేది!" అని కళ్ళు తుడుచుకుని, ఆ పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

సాయంత్రం క్యారియరు నిండా పులుసు పట్టుకెళ్ళి, తనే చేశానని బిట్రగుంటంతా పంచిపెట్టింది.