రెండు మోలార్ల మర్యాద

ఆ ఉదయం మీరా హుస్సేన్ గడ్డం గీసుకుంటూ గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఇవాళ ఏమైనా సరే, పదకొండో తరగతి పిల్లల బుర్రల్లోకి మోలారిటీ ఎక్కించి తీరాలి.

ఎనభైల నడుమ అరబ్బు దేశపు సముద్రతీర పట్నం ఖోర్ ఫక్కాన్‌లో ఒక అద్దె విల్లాలో నడుస్తున్న చిన్న ఇండియన్ బడి అది. నెల్లూరు నుంచి వచ్చిన మీరా హుస్సేన్ అక్కడ కెమిస్ట్రీ మాస్టారు. లీటరు ద్రావణంలో ఒక మోల్ పదార్థం ఉంటే దాని గాఢత ఒక మోలార్ అని రాసి రాసి సుద్దముక్కలు అరిగిపోయాయి. పిల్లలు మాత్రం పరీక్షలో ‘లీటరు నీళ్ళలో’ అనే రాస్తున్నారు. కలిపాక మొత్తం లీటరు కావాలర్రా, పోసే నీళ్ళు లీటరు కాదు అంటే, రెండూ ఒకటే కదా సార్ అని అమాయకంగా చూస్తారు. చేసి చూపిద్దామంటే ప్రయోగశాల సామాన్ల పెట్టెలు కాగితాలు తేలక ఇంకా పోర్టులోనే పడి ఉన్నాయి.

అందుకని ఇంట్లో ఉప్పు డబ్బా, తక్కెడ, గులాబీ షర్బత్ సీసా సంచిలో వేసుకున్నాడు. భార్య హలీమాబీ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఉప్పంటే సరే. షర్బత్ సీసా ఎందుకంట?”

“రంగు కోసమే. ఉప్పు ఎంత కలిపినా కంటికి నీళ్ళలాగే ఉంటాది. గాఢమైన దాంట్లో ఎక్కువ రంగు, పలచని దాంట్లో తక్కువ రంగు పోస్తే పిల్లకాయలకు గుర్తుంటాది.”

“అట్లయితే ఉప్పెందుకు, చక్కెరే కలపొచ్చు గదా. అయిపోయినాక తాగుతారు.”

“చక్కెరయితే లీటరుకు మూడొందల గ్రాముల పైమాటే. ఉప్పయితే అరవై కూడా పట్టదు.”

చక్కెర డబ్బా వైపు ఒకసారి చూసి హలీమాబీ దారి ఇచ్చింది.

ఆ విల్లాలో వంటగది సగం వంటగది, సగం ప్రయోగశాల. మధ్యలో ఉన్న పొడుగాటి బల్లే సరిహద్దు. టీలు పెట్టే హన్మంతు సమోసాలు తేవడానికి బజారుకు పోయి ఉండటంతో, మీరా హుస్సేన్ అతని అలమరలోని గాజు జగ్గుల్నే బీకర్లనుకుని తీశాడు. పిల్లలు ఉప్పు తూచారు, కలిపారు, రంగు పోశారు. ఒక్కో జగ్గు మీద కాగితం ముక్క అంటించి 0.5 M, 1 M, 2 M అని రాశారు.

“అర మోలార్ అంటే దాదాపు మన సముద్రమంత ఉప్పన. రెండు మోలార్లంటే దానికి నాలుగింతలు,” అన్నాడు మాస్టారు. ఆ పక్కనే ఉన్న సముద్రం పేరెత్తేసరికి పిల్లల ముఖాల్లో కాస్త వెలుగు వచ్చింది. ఇంతలో ఇంటర్వెల్ గంట మోగింది. అందరూ బయటికి పరిగెత్తారు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు నల్లకారు ఆగింది. బడికి పన్నెండో తరగతి నడుపుకోవడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని చూడటానికి అక్కడి విద్యాశాఖ నుంచి అరబ్బు పెద్ద అధికారి ఒకాయన ఈ వారంలో ఎప్పుడో వస్తారని అనుకుంటున్నారు. ఆయన ఇవాళే వచ్చేశారు. అనుమతి రాకపోతే ఈ పిల్లలంతా వచ్చే ఏడాది అమ్మానాన్నల్ని వదిలి ఇండియాలో చదువుకోవాలి. బడికి ముదీర్, అంటే ప్రిన్సిపాలు, అయిన గులాం మొహిద్దీన్, హైదరాబాదు మనిషి, అధికారిని ఆఫీసులో కూర్చోబెట్టి, అప్పుడే వచ్చిన హన్మంతుని కేకేశాడు.

“అరే హన్మంతూ! మెహమాన్ వచ్చిన్రు. తాగనీకి ఠండా తే, జల్దీ, యల్లా!”

హన్మంతు వంటగదిలోకి వచ్చి చూస్తే బల్ల మీద గులాబీ వాసనతో జగ్గులు సిద్ధంగా ఉన్నాయి. ముదీర్ ఇంటినుంచి వచ్చాయనుకున్నాడు. మీద రాసింది చూశాడు. అన్నిటికంటే ఎర్రగా ఉన్నది తీసుకున్నాడు. సాహెబుల షర్బత్ నౌకరు రుచి చూడటం పద్ధతి కాదని చుక్కైనా నాలుక మీద వేసుకోలేదు.

అధికారి ఒక గుక్క తాగారు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇండియా వాళ్ళ అతిథి మర్యాద ఇదే కాబోలనుకుని కష్టపడి మింగారు. ఆయన మింగడం చూసి ముదీర్ కూడా తన గ్లాసు ఎత్తాడు. గొంతు భగ్గుమంది. అరబ్బులకు ఇష్టమని హన్మంతు ఏదో కొత్తరకం చేశాడనుకుని నవ్వు తెచ్చిపెట్టుకుని మింగాడు. ముదీర్ నవ్వుతున్నాడు కాబట్టి అధికారి ఇంకో గుక్క తాగారు. అధికారి తాగుతున్నారు కాబట్టి ముదీర్ ఇంకో గుక్క తాగాడు. గ్లాసులు తగ్గడం చూసి హన్మంతు ఎంతో ఆదరంగా మళ్ళీ నింపాడు.

అటు ఇంటర్వెల్ అయి మాస్టారితో వంటగదికి తిరిగొచ్చిన పిల్లల్లో మహబూబున్నీసా అరిచింది. “సార్, టూ మోలార్ జగ్గు లేదు!”

ఠండా తెమ్మని ముదీర్ పెట్టిన కేక మీరా హుస్సేన్‌కి గుర్తొచ్చింది. ఆఫీసులోకి ఒక్క పరుగున దూసుకెళ్ళాడు. వెనకే తరగతి మొత్తం.

“తాగొద్దు సార్! అది ల్యాబు ద్రావణం!” అని ఇంగ్లీషులో కేక పెట్టాడు.

అధికారి గ్లాసు వదిలేశారు. అది పగిలింది. “ల్యాబు? ఏమిటది?”

“సోడియం క్లోరైడ్, సార్!”

క్లోరైడ్ మాట వినగానే ఆయన గుండె పట్టుకున్నారు. “అంబులెన్స్!” అన్నారు.

“మాస్టర్ సాబ్, నీ నౌకరీ ఖలాస్! వీసా ఖలాస్!” అన్నాడు ముదీర్. తర్వాత హన్మంతు వైపు తిరిగాడు. “నువ్వెందుకు తెచ్చినవ్‌రా అది?”

“జగ్గు మీదనే రాసున్నది గద సాబ్,” అన్నాడు హన్మంతు. “రెండు ఎమ్ములని. ఎమ్మంటె మీరు మొహిద్దీన్ సాబ్ ఒక్కలు, మెహమాన్ ఒక్కలు. ఇంకేంది?”

“అది ఉత్త ఉప్పే సార్, ఇంట్లో వాడే ఉప్పు,” అన్నాడు మీరా హుస్సేన్, చేతులు జోడించి.

ఆ మాటతో ఆయన తేరుకోవాలి. తేరుకోకపోగా ఇంకా పాలిపోయారు. “నాకు రక్తపోటు. ఉప్పు ముట్టొద్దన్నాడు డాక్టరు. ఎంత తాగాను నేను? ఎవరైనా చెప్పండి, ఎంత?”

ఎన్ని వారాలు అడిగినా నోరు విప్పని తరగతి ఒక్కసారిగా లెక్క మొదలుపెట్టింది. రెండు మోలార్లంటే లీటరుకు నూట పదిహేడు గ్రాములు అన్నాడొకడు. ఆయన తాగింది యాభై మిల్లీలీటర్లు ఉంటుందని గ్లాసు ముక్కలకేసి చూసి ఇంకొకడు తేల్చాడు. “అయితే ఐదు పాయింట్ ఎనిమిది ఐదు గ్రాములు,” అన్నారు అందరూ ఒకేసారి. అధికారి కళ్ళు మూసుకున్నారు.

“కాదు సార్!” మహబూబున్నీసా ముందుకొచ్చింది. “తప్పు మాదే. మేం ఉప్పు మీద లీటరు నీళ్ళూ పోసేశాం. కలిపాక ద్రావణం లీటరు దాటింది, పైగా షర్బత్ కూడా కలిసింది. అంటే అది రెండు మోలార్ల కంటే తక్కువే. మీరు తాగిన ఉప్పు కూడా తక్కువే!”

మీరా హుస్సేన్‌కి ఉద్యోగం పోతోందన్న సంగతే గుర్తులేదు. “లీటరు ద్రావణం! లీటరు నీళ్ళు కాదు! చూశారా, చెప్పింది!” అంటూ ముదీర్ భుజం పట్టి ఊపేశాడు.

అధికారి మెల్లగా కళ్ళు తెరిచి ఆ పిల్లని చూశారు. రెండు గ్లాసుల మంచినీళ్ళు తెప్పించుకుని తాగారు.

“చాలా బళ్ళు చూశాను,” అన్నారు చివరికి. “గాజు సామాను బీరువాల్లో మెరుస్తుంటుంది, పిల్లల్ని అడిగితే గోడలు చూస్తారు. ఇక్కడ సామాను లేదు, జవాబు ఉంది. పన్నెండో తరగతి పెట్టుకోండి. పోర్టుకి ఫోను నేనే చేస్తాను.”

“మా బడిలో పద్ధతే ఇది సార్,” అన్నాడు ముదీర్ వెంటనే, మీరా హుస్సేన్ భుజం మీద చెయ్యి వేసి. “ప్రతిదీ అనుభవంతోనే నేర్పిస్తం.”

“అనుభవించాను,” అన్నారు అధికారి, లేచి నిలబడి. “ఒక్కటే షరతు. ఆ వంటగదికీ ప్రయోగశాలకీ మధ్య గోడ కట్టించండి.”

ముదీర్ ఆలస్యం చేయలేదు. ఆ శుక్రవారమే మేస్త్రీని పిలిపించి దగ్గరుండి నేల నుంచి పైకప్పు దాకా గోడ లేపించాడు. గదికి ఉన్న ఒక్క తలుపూ వంటగది వైపు ఉండిపోయింది కాబట్టి, అప్పటినుంచి పదకొండో తరగతి కిటికీలోంచి దిగి కెమిస్ట్రీ నేర్చుకుంటోంది.