ఓవెన్‌లో మూడు కాయిళ్ళు

మా క్లబ్బులో నన్ను ట్రైలర్ ట్రెవర్ అంటారు. పాత మోటారు సైకిళ్ళ క్లబ్బది. అందులో అందరికీ బళ్ళకన్నా ముందు మోకాళ్ళు అరిగిపోయాయి. అలాంటివాళ్ళు నాకు పేరు పెట్టారు.

పేరుకి కారణం లేకపోలేదు. నా బండి యాభై ఎనిమిదో సంవత్సరం నాటిది. ఇరవై నిమిషాలు దివ్యంగా పోతుంది. తర్వాత దగ్గుతుంది, ఆగిపోతుంది. పది నిమిషాలు చల్లారనిస్తే మళ్ళీ స్టార్టవుతుంది, మళ్ళీ ఇరవై నిమిషాలే. ఆఖరికి మా ఆవిడ డోరీన్ కారు వెనక ట్రైలర్ తగిలించుకుని వచ్చి, దాన్నీ నన్నూ ఇంటికి చేరుస్తుంది.

నా బండి అన్నానా? నిజం చెప్పాలంటే మామగారిది. పోయేముందు కూతురికిచ్చాడు. ఆవిడకి బళ్ళ గురించి ఏం తెలుసని నేనే తీసుకున్నాను.

పోయిన సోమవారం టీ తాగుతూ డోరీన్ అంది, "ఆదివారం మీ క్లబ్బంతా బక్స్టన్ ఊరిదాకా పోతున్నారుగా. ఈసారి ఆ బండి ట్రైలర్ ఎక్కిందంటే మా తమ్ముడు క్లిఫర్డ్‌కి ఇచ్చేస్తాను."

"క్లిఫర్డ్‌కా? వాడికి సైకిలుకి గాలి కొట్టడం కూడా రాదు."

"నీకు వచ్చింది అదొక్కటేగా."

బండి పోతే పోయింది, బతికేవాణ్ణి. కానీ క్లిఫర్డ్ దానిమీద మా వాకిట్లోకి వచ్చి ఇకిలిస్తాడే, దాన్ని తట్టుకోలేను. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు ఉంటుంది నా బతుకు.

రోగం ఏమిటో నాకు తెలుసు. కాయిల్. ఇంజన్లో నిప్పు రవ్వ పుట్టించే తీగచుట్ట. వేడెక్కితే నీరసపడుతుంది, చల్లారితే లేచి కూర్చుంటుంది. ఇంతకన్నా తేలికైన లెక్క ఇంకోటి లేదు. క్లబ్బులో అందరూ కాయిలేనన్నారు. ఆ ముసలాళ్ళు ఒక్క మాటమీదికి రావడం అదే మొదటిసారి. నేను అక్కడే అనుమానించాల్సింది.

నా దగ్గర మూడు కాయిళ్ళున్నాయి. బండితో వచ్చిన పాతదొకటి. పాత సామాన్ల సంతలో ఒకడు తల్లిమీద ఒట్టేసి అమ్మిన నీలం రంగుదొకటి. పోస్టులో తెప్పించిన కొత్త నల్లదొకటి. వేడికి ఏది నిలబడుతుందో తేల్చాలి. వేడి కావాలి కదా, శనివారం పొద్దున అది దానంతటదే దొరికింది.

డోరీన్ బక్స్టన్‌లో టీతో తినడానికని పళ్ళ కేకు కలిపి ఓవెన్‌లో పెట్టింది. "పదకొండింటికి తియ్యి. అంతదాకా తలుపు తెరవకు," అని చెప్పి చర్చిలో పూలు సర్దడానికి వెళ్ళింది.

ఓవెన్ ఎలాగూ మండుతోంది. కింది అర ఖాళీగా ఉంది. గ్యాసు వృథా చెయ్యడం నాకు నచ్చదు. మూడు కాయిళ్ళూ పళ్ళెంలో పెట్టి కేకు కిందికి తోశాను.

పది నిమిషాలకోసారి తలుపు తెరవడం, కరెంటు కొలిచే మీటరు ముళ్ళు కాయిళ్ళకి గుచ్చడం, అంకె రాసుకోవడం. నాలుగోసారి తెరిచేసరికి కేకు నడుం విరిగినట్టు కుంగిపోయింది. ఐదోసారికి పాత కాయిల్ నోరు తెరిచి తారు కక్కింది. వంటిల్లంతా నల్ల పొగ. సరిగ్గా అప్పుడే డోరీన్ వచ్చింది.

"ఏం తగలబెట్టావు?"

"తగలబెట్టడమేమిటి, పరీక్ష చేస్తున్నాను."

వంగి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. "ట్రెవర్, నా ఓవెన్‌లో మోటారు సైకిలు ఎందుకుంది?"

"మోటారు సైకిలు కాదు. కాయిళ్ళు మాత్రమే."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట నీలాంటివాడే."

"ఇది శాస్త్రం, డోరీన్. నీకు బోధపడదు. నీలంది గెలిచింది, నల్లది రెండోది, పాతది ఓడిపోయింది."

"కేకు?"

ఆ కేకు మొత్తం మధ్యాహ్నానికల్లా నాచేతే తినిపించింది. ఇప్పటికీ త్రేన్పొస్తే తారు వాసనే.

ఆదివారం నీలం కాయిల్ బిగించి బయల్దేరాను. మిగతా రెండూ సంచీలో పడేశాను. వెనక కారులో డోరీన్, దాని వెనక ట్రైలర్. ఇరవై నిమిషాలకి, కొండ సగం ఎక్కాక, బండి దగ్గింది. ఆగిపోయింది.

పెట్రోలు చూద్దామని ట్యాంకు మూత తీశాను. ఉస్సుమంది. లోపల నిండుగానే ఉంది. మూత పెట్టేసి, సంతలోవాణ్ణి తిట్టుకుంటూ నల్ల కాయిల్ మార్చాను.

డోరీన్ కారు అద్దం దించింది. "ట్రెవర్, ఆ మూత..."

"డోరీన్, ఇది కరెంటు వ్యవహారం."

అద్దం ఎక్కించేసింది.

బండి స్టార్టయింది. చూశావా అన్నట్టు వెనక్కి చూశాను. మళ్ళీ ఇరవై నిమిషాలకి ఆగింది. మా క్లబ్బు సెక్రటరీ, పానా రెజినాల్డ్, తన డొక్కు బండిమీద నన్ను దాటుతూ "కాయిలేనా, ట్రెవర్?" అని పలకరించి పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

డోరీన్ కారు దిగింది. "ట్రైలర్ ఎక్కించనా, మిగతా దూరం నేను తోలనా?"

"నువ్వా?"

"మా నాన్న బండి. పంతొమ్మిదో ఏట తోలాను."

నా బుర్ర చురుగ్గా పనిచేసింది. ఈవిడ తోలితే ఇరవై నిమిషాల్లో ఆగుతుంది. ఆపింది ఈవిడే కాబట్టి తప్పు ఈవిడదే. ఇక క్లిఫర్డ్ ఊసెత్తడానికి నోరుండదు.

"సరే, కానీ ఓ షరతు," అన్నాను. "నీ చేతిలో ఆగితే క్లిఫర్డ్ మాట మళ్ళీ ఎత్తకూడదు."

"ఎత్తను. ఆగకపోతే?"

"ఆగకపోతే జన్మంతా నువ్వే తోలుకో." నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాను.

"అయితే పాత కాయిల్ పెట్టు."

"తారు కక్కిందే, అదా?"

"అదే. మా నాన్న పెట్టింది."

పానా పట్టుకున్న ఇన్నేళ్ళలో ఏ బోల్టూ అంత సంతోషంగా బిగించలేదు నేను. ఈలోగా డోరీన్ జుట్టులోంచి పిన్ను తీసి, ట్యాంకు మూత విప్పి, దాని లోపలివైపు ఏదో కెలికింది. ఉఫ్ అని ఊది, పిన్ను నా చొక్కాకి తుడిచింది.

"ఏం చేస్తున్నావ్?"

"ఏదో, ఆడవాళ్ళ చాదస్తం."

ఒక్క తన్నుకి స్టార్టు చేసింది. నాకు ఆరు పడతాయి.

నేను కారులో ట్రైలర్ ఈడ్చుకుంటూ వెనకే వెళ్ళాను. పద్దెనిమిదో నిమిషంలో పక్కకి ఆపడానికి సిద్ధపడ్డాను. ఇరవై అయింది. పాతికయింది. ముప్ఫయ్యో నిమిషంలో ఆవిడ రెజినాల్డ్‌ని దాటేసింది. ముందు సంబరంగా అనిపించింది, తర్వాత నేను పెట్టిన షరతు గుర్తొచ్చింది.

నేను బక్స్టన్ చేరేసరికి డోరీన్ గోడమీద కూర్చుని టీ తాగుతోంది. చుట్టూ క్లబ్బంతా మూగింది. ఏ కాయిల్ పెట్టావని అడిగి, పాతదేనంటే ముసలాళ్ళు బుర్రలూపుతున్నారు. నేను డోరీన్‌ని పక్కకి పిలిచి, బండి ఎందుకాగలేదని అడిగాను.

"తీపి పాల డబ్బాకి ఒకే చిల్లు పెడితే పాలు కారతాయా?" అంది.

"కారవు. గాలికి ఇంకో చిల్లు ఉండాలి."

"ఆ చిల్లు మూతలో ఉంది. వారం వారం నువ్వు రుద్దే పాలిష్‌తో పూడిపోయింది. గాలి అందక పెట్రోలు దిగడం మానేస్తుంది. నువ్వు మూత తీసి చూడగానే లోపలికి గాలి పోతుంది, బండి లేస్తుంది. కాయిల్ చల్లారిందని నువ్వు మురిసిపోతావు."

"ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయినేడాది నుంచి."

"మరి చెప్పి చావొచ్చుగా."

"మొదట్లో చెప్పబోయాను, వినలేదు. తర్వాత ఆలోచించాను. చెబితే బండి నీకు బాగవుతుంది. నాకేం ఒరుగుతుంది?"

అందుకని, మీరడిగారు కాబట్టి చెబుతున్నాను, బండి క్లిఫర్డ్‌కి పోలేదు. మా ఇంట్లోనే భద్రంగా ఉంది. వచ్చే ఆదివారం కూడా డోరీన్ తోలుతుంది. నేను కారులో వస్తాను, ఆవిడ కోటూ టీ ఫ్లాస్కూ పట్టుకుని.