దశరథ్ వదిలిన బొచ్చె

చేపను పట్టి, కొలిచి, వీపున ట్యాగు గుచ్చి, మళ్లీ నీళ్లలో వదిలేయడాన్ని మించిన పుణ్యకార్యం ఢిల్లీ చుట్టుపక్కల మరొకటి లేదు. కాదనేవాళ్లు దశరథ్ సంగతి వినండి.

దశరథ్‌ది కాకినాడ. కాపురం ఇందిరాపురంలో. ఆదివారం వస్తే గ్రేటర్ నోయిడా అవతల, తను చేరిన క్లబ్బువారి చెరువు గట్టున గాలం పట్టుకుని కూర్చుంటాడు. పడిన చేపను తడిగుడ్డ మీద పడుకోబెట్టి, పొడవూ బరువూ చూసి, వెన్నురెక్క పక్కన నంబరున్న పసుపు ట్యాగు గుచ్చి వదిలేయాలి. మళ్లీ ఎవరికైనా దొరికితే అది ఎంత పెరిగిందో, ఎక్కడ తిరిగిందో తెలుస్తుందట.

ఎంత అదృష్టం! ఈ ఊళ్లో మన ఎదుగుదల గురించి ఎవరైనా అడిగారా? మెట్రోలో నలిగి బయటపడ్డాక మనల్ని తడిగుడ్డ మీద పడుకోబెట్టినవాళ్లున్నారా?

ఈ విజ్ఞానం దశరథ్ అత్తగారు హనుమాయమ్మకు మాత్రం ఎక్కలేదు. కూతుర్ని చూడడానికొచ్చిన ఆవిడ, ఆదివారం చింతపండు నానబెట్టి, మసాలా నూరి కూర్చుంది. అల్లుడు ఫోటోతో వచ్చాడు.

"కొలిచి వదిలేశారేటండీ? మా ఊళ్లో దర్జీ అయినా కొలతలు తీశాక గుడ్డ ఉంచుకుంటాడండి."

ఆ పూట పులుసులో బెండకాయలు పడ్డాయి. పై ఆదివారం ములక్కాడలు. ఆ రోజు ఆవిడ వంటింట్లో కూతురు భావనతో, అల్లుడికి వినబడేంత గుసగుసగా అంది: "ఈయన చేపలకే వెళ్తున్నారంటావా అమ్మాయ్? ఒంటికి నీచు వాసనైనా ఉండదు."

దశరథ్‌కు తల కొట్టేసినట్టయింది. మరుసటి ఆదివారం సిద్ధాంతాన్ని గట్టున పెట్టి, దారిలో బజారులో ఆగి ఒక బొచ్చె చేప కొన్నాడు. తనే పట్టానని చెప్పి అత్తగారి చేతిలో పెట్టాడు.

ఆవిడ చేప పొట్ట కోసి చూసింది. "లోపలంతా ఐసేనండీ. ఇంత మే నెల ఎండల్లో చెరువు గడ్డకట్టేసిందేటండీ?"

అంతలో ఆవిడ వేళ్లకు వెన్నురెక్క పక్కన ఏదో తగిలింది. పసుపు ట్యాగు. ఆ నంబరు దశరథ్‌కు కంఠతా వచ్చు. ఆ చేపతో దిగిన ఫోటోనే అతని వాట్సాప్ డీపీ.

"కొన్నమాట నిజమే అత్తయ్యా. కానీ మొదట పట్టింది నేనే, చూడండి" అని ఫోన్ చూపించాడు. ఆవిడ ఫోటోనూ ట్యాగునూ మార్చి మార్చి చూసింది. పోయిన పరువు పొలుసులతో సహా తిరిగొచ్చింది.

దశరథ్ వెంటనే క్లబ్బుకు రాశాడు. దొరికిన చోటు: చేపల బజారు; పెరుగుదల: శూన్యం. సెక్రటరీ పృథ్వీరాజ్ అభినందిస్తూ జవాబిచ్చాడు: "బధాయీ హో భయ్యా, మన చెరువు దాటి అంత దూరం ప్రయాణించిన మొదటి చేప ఇదే."

చూశారా పరిశోధన ఫలితం! రాత్రిపూట వల వేసి దాన్ని బజారుకు చేర్చిందెవరని క్లబ్బు అడగలేదు. అలాంటి ప్రశ్నలు విజ్ఞానం కిందికి రావు. మనం మంచి మనసుతో వదిలింది మనకే అమ్ముడుపోవడం ఈ ఊరి ఆనవాయితీ, అంతే.

హనుమాయమ్మ మాత్రం అల్లుడికి నడుం ముక్క వడ్డిస్తూ నెమ్మదిగా అంది:

"వదలొద్దని నేననను బాబూ. ఎలాగూ బజారుకే పోతోంది కదా, ఈసారి తిన్నగా మనింట్లోనే వదిలేయండి."