అల్లిక దాచిన కంపెనీ

ఒక పెద్ద అడవిలో, మన పట్నంలో సాఫ్ట్‌వేరు కంపెనీలున్నట్టే, గూళ్ల కంపెనీ ఒకటి వెలిసింది. దాని ఎండీ జంబుకేశ్వర్రావు అనే నక్క. ఆయనకు ఒక్క పుల్ల కూడా అల్లడం రాదు. రాకపోతేనేం, ఎండీలను అల్లమని ఎవరడిగారు?

అల్లడం వచ్చింది గిజిగాళ్లకు. వాన నీరు చుక్క దిగని అల్లిక వాళ్లది. వాళ్ల పెద్ద పుల్లయ్య ఆ అల్లికను తుమ్మకొమ్మకు బాహాటంగా వేలాడదీసేవాడు. "చూసుకోండి, నేర్చుకోండి, మార్చుకోండి. మార్చినవాడు ఆ మార్పు అందరికీ చూపించాలి. అదొక్కటే షరతు" అనేవాడు.

"ఊరికే పంచిపెడుతున్నాడు, వెర్రిబాగులవాడు!" అని జంబుకేశ్వర్రావు పడీపడీ నవ్వి, కోతుల చేత ఆ అల్లికను అచ్చుగుద్దినట్టు దింపించాడు. పైకొసన ఓ వంకర ముడి కనిపించింది.

"ఇదెందుకు సార్?" అంది కోతి.

"పనికొచ్చేదైతే నాకు అర్థమయ్యేదిగా! పీకెయ్."

గుట్టు తెలియకుండా పైన మందంగా మట్టి మెత్తించి, 'నక్కగూడు' అని అమ్మకం మొదలెట్టాడు. తీసుకున్న ప్రతివాళ్ల చేతా లైసెన్సు పత్రం మీద పాదముద్ర వేయించుకున్నాడు. మట్టి గీకి లోపల చూసినవాడు అడవి వదిలిపోవాలని అందులో ఉంది. పసికూనల కోసం పెద్ద గూడు తీసుకున్న సింహం కూడా పంజా వేసింది. నలభై పేజీలు ఎవడు చదువుతాడు?

తొలకరి పడింది. గూడు జల్లెడలా కారింది. కూనలు తడిసి ముద్దయి తుమ్ముతున్నాయి.

"ఒరేయ్ నక్కా!" సింహం గర్జించింది. "పొద్దుగూకేలోగా కారడం ఆగకపోతే ఇవాళ నా భోజనం నువ్వే."

జంబుకేశ్వర్రావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. కోతుల్ని పిలిస్తే, "దింపమంటే దింపాం, మాకేం తెలుసు సార్?" అని తలలు గోక్కున్నాయి. ఇక సిగ్గు చంపుకుని తుమ్మచెట్టు దగ్గరికి పరిగెత్తాడు.

"పుల్లయ్య మామా, నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్కసారి వచ్చి చూడు!"

"వస్తాను అల్లుడూ, దానికేం. కానీ గీకనిదే కనపడదు, గీకితే అడవి వదలాలట. గీకేదేదో నువ్వే గీకు, ఏం చేయాలో కొమ్మ మీంచి నేను చెప్తా."

ఇద్దరూ సింహం గూటి దగ్గరికి చేరారు. "నా కంపెనీలో నాకు షరతేమిటి!" అంటూ జంబుకేశ్వర్రావు అందరి ఎదుటా మట్టి బరబరా గీకాడు. లోపల గిజిగాళ్ల అల్లిక బయటపడింది. పక్షులన్నీ "హవ్వ!" అని రెక్కలు నోటికడ్డం పెట్టుకున్నాయి. పుల్లయ్య చెబుతుంటే నోటితో, కాళ్లతో నానా తంటాలూ పడి ఆ వంకర ముడి వేశాడు. ఎండీగారు పుట్టి బుద్ధెరిగి చేసిన మొదటి పని అదే. కారడం ఆగింది. బతికానురా దేవుడా అనుకున్నాడు.

"మాకందరికీ ఉన్న షరతు నీకు లేదా?" అంటూ సింహం చిలక లాయర్ని పిలిచి పత్రం చదివించింది.

"గీకినవాడు ఎవడైనా సరే, కంపెనీ యజమానితో సహా" అని చదివింది చిలక.

"ఆ ముక్క నేను రాయలేదు మహాప్రభో!" నక్క లబోదిబోమన్నాడు.

"మరెవరు రాశారు?"

"పక్క అడవి తోడేళ్ల కంపెనీ పత్రం... కాస్త... దింపుకున్నాను."

పొద్దుగూకకముందే జంబుకేశ్వర్రావు మూటాముల్లె సర్దుకుని అడవి దాటిపోయాడు.

నీతి: దొంగిలించడం తప్పేం కాదు నాయనా, చదవకుండా దొంగిలించడమే మహాపాపం.