గోపి గుడ్డు ముట్టలేదు

ఆ బుధవారం ఉదయం వరదయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కుక్కను డాక్టరుకు చూపించి, పదింటికల్లా కొట్టు తెరవాలి. వచ్చే నెల ఆయుధ పూజ సెలవులకు ఇంటిల్లిపాదీ కుంభకోణం వైపు గుళ్లు చూడబోతున్నారు. ఆ అయిదు రోజులూ గోపిని కుక్కల హాస్టల్లో వదలాలి. టీకాల పుస్తకం, డాక్టరు సంతకం చేసిన ఆరోగ్య పత్రం లేకపోతే హాస్టలువాళ్లు గేటు దగ్గరే ఆపేస్తారట. మనుషుల హాస్టళ్లకు లేని పట్టింపు కుక్కల హాస్టలుకెందుకని వరదయ్య విసుక్కున్నాడు గాని, పట్టింపులంటే ఆయనకు లోలోపల గౌరవమే.

ఎందుకంటే ఆయన బతుకంతా పట్టింపే. సౌకార్‌పేటలో పూజా సామాన్ల హోల్‌సేల్ కొట్టు, దాని మీదే ఇల్లు. శాకాహార ధర్మ సంఘానికి ఉపాధ్యక్షుడు. నెల తర్వాత జరిగే వార్షికోత్సవంలో అధ్యక్షుడు కావలసినవాడు. ఆ కుర్చీ కోసం పదకొండేళ్లుగా కాచుకుని ఉన్నాడు. పుట్టినరోజుకు కేకు కొన్నా, అందులో గుడ్డు లేదని బేకరీవాడి చేత ఒట్టు వేయించుకుంటాడు. గోపి పిల్లగా ఇంటికొచ్చిన రోజు నుంచి దానికి మూడు పూటలా పెరుగన్నమే. అది వీధిలో గుడ్డు పెంకు వాసన చూసినా ఆయన మూతి మీద వేలితో తట్టి "ఛీ!" అనేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి గోపి పెంకు కనబడగానే తనే మొహం తిప్పేసుకుని, మెచ్చుకోలు కోసం ఆయన వంక చూసి తోక ఊపడం నేర్చుకుంది. ఈ ముచ్చట సంఘం సమావేశాల్లో నలభై సార్లయినా చెప్పి ఉంటాడు. విన్నవాళ్లు నలభై సార్లూ చప్పట్లు కొట్టారు.

డాక్టర్ హైమ నెల్లూరు నుంచి వచ్చి చింతాద్రిపేటలో పశువుల ఆస్పత్రి పెట్టుకున్న మనిషి. సూటిగా మాట్లాడుతుంది. గోపిని తూకం మీద నిలబెట్టి, దాని పక్కటెముకల మీద వేళ్లు జరిపి మొహం చిట్లించింది.

"ఏంటండీ ఇది? ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు. ఏం పెడుతున్నారు?"

"పెరుగన్నం డాక్టరమ్మా. మూడు పూటలా," అన్నాడు వరదయ్య ఛాతీ విరుచుకుని.

"ఎన్నాళ్లుగా?"

"మూడేండ్లుగా. ఒక్క పూట తప్పింది లేదు."

"టీకా వేస్తాను గాని, ఆరోగ్య పత్రం మాత్రం ఇవ్వలేను. దీనికి ప్రోటీన్ బొత్తిగా అందడం లేదు. రోజుకో గుడ్డు పెట్టండి, లేదంటే..."

లేదంటే ఏమిటో వినేంత ఓపిక వరదయ్యకు లేకపోయింది. గుడ్డు అన్న మాట చెవిన పడగానే ఆయన లేచాడు. టీకా వేసే దాకా నిలబడే ఉండి, పూర్తయిన మరుక్షణం తాడు పట్టుకుని గుమ్మం దాటాడు. "నెల తర్వాత రక్త పరీక్షకు తీసుకురండి!" అని డాక్టరు వెనక నుంచి కేకేసింది.

ఇంటికెళ్లి భార్య కోకిలను, కొడుకు శివరామ్‌ను, కోడలు చాందినిని హాల్లో కూర్చోబెట్టి సంగతి చెప్పాడు.

"నా కంఠంలో ప్రాణం ఉండంగా ఈ ఇంట్లోకి గుడ్డు రాదు. అర్థమయిందా?"

ముగ్గురూ తలలూపారు. ఆ ఊపుడులో ఎంత భక్తి కనబడిందంటే, వరదయ్యకు తన కుటుంబం మీద తనకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం గోపి గచ్చు మీద పక్కకు పడుకుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. వరదయ్య వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. పదకొండు దాకా వచ్చేసరికి లెక్క ఆపి చూపు తిప్పుకున్నాడు. ఆ కుక్కంటే ఆయనకు కొడుకు కన్నా ఎక్కువ ప్రేమ. కొడుకు ఎదురు మాట్లాడతాడు. తను అన్నది ఇంట్లోకి గుడ్డు రాదని మాత్రమే కదా, గుడ్డు ఉన్న చోటికి కుక్క వెళ్లకూడదని అనలేదే అన్న ఆలోచన అప్పుడు తట్టింది. వ్యాపారస్తుడి బుర్ర మరి.

మర్నాడు తెల్లవారగానే సముద్రపు గాలి కోసమని చెప్పి, గోపితో సహా ఆటో ఎక్కి రాయపురం వెళ్లాడు. తనను ఎరిగినవాళ్లు అటువైపు చేపల వాసనకు రారని ఆయన ధీమా. హార్బరు దారిలో కన్నియప్పన్ అనే అతను తోపుడు బండి మీద ఉడకబెట్టిన గుడ్లు అమ్ముతున్నాడు. వరదయ్య అటూ ఇటూ చూసి ఒక గుడ్డు తీసుకుని గోపి మూతి ముందు పట్టాడు.

గోపి వాసన చూసింది. మొహం తిప్పేసుకుంది. ఆయన వంక చూసి తోక ఊపింది.

"తినరా నాయనా. ఈ ఒక్కసారికి తిను."

గోపి ఇంకాస్త గట్టిగా తోక ఊపింది. యజమాని పరీక్ష పెడుతున్నాడని, తాను నెగ్గుతున్నానని దాని నమ్మకం. అయిదు నిమిషాలు బతిమాలినా ఆ నమ్మకం సడలలేదు.

కన్నియప్పన్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "సార్, నువ్వు తిని చూపించు. నువ్వు తింటే కుక్క తింటాది. ఇదిగో మిరియాల పొడి."

వరదయ్య కళ్లు మూసుకుని, కులదైవానికి కారణం విన్నవించుకుని, గుడ్డు కొరికాడు. మొదటి కొరుకు కుక్కకు బోధన. రెండోది మిరియాలు సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి. మూడోదానికి ఆయన ఏ కారణమూ వెతకలేదు.

వారం తిరిగేసరికి రోజుకు రెండు గుడ్లయ్యాయి. ముందుగా గోపికి చూపించడం, అది మొహం తిప్పుకోవడం, "సరే, నీ ఇష్టం" అని ఈయన కానివ్వడం. ఆ తర్వాత రెండు యాలకులు నములుతూ ఆటోలో ఇంటికి. ఇంటి దగ్గర గోపికి షరా మామూలుగా పెరుగన్నం.

ఆ నెలలో గోపికి పట్టిన షికార్ల యోగం అంతా ఇంతా కాదు. మధ్యాహ్నం కోకిల గుడికి వెళ్తూ వెంట తీసుకెళ్లేది. సాయంత్రం శివరామ్ నడిపించుకొస్తానని పట్టుకుపోయేవాడు. దీపాలు పెట్టే వేళకు చాందిని, పాపం ఇంకోసారి తిప్పుతానని బయలుదేరేది. ఇంట్లో యాలకుల సీసా నాలుగు రోజులకే ఖాళీ అవుతోంది. ఎవరూ ఎవరినీ అడగలేదు. కుక్క మీద అందరికీ ఇంత ప్రేమ ఉందని వరదయ్య మురిసిపోయాడు.

ఇరవయ్యో రోజున సంఘం కార్యదర్శి చెంగల్రాయుడు ఇంటికొచ్చాడు. బక్కపలచని మనిషి, చంకలో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం. వరదయ్య జారిపడితే అధ్యక్షుడి కుర్చీ తనదేనని అతనికి తెలుసు. అది వరదయ్యకూ తెలుసు.

"అన్నా, ఒక మాట. మన సభ్యుడొకాయన చెప్పినాడు. రాయపురంలో గుడ్ల బండి కాడ మీరు, మీ కుక్క నిలబడి ఉండారంట. చేతిలో గుడ్డు గూడా ఉన్నిందంట."

పట్టుబడిపోయాననుకున్నాడు వరదయ్య. కానీ ముప్పయ్యేళ్లుగా కొట్టు నడిపిన నాలుక ఊరికే ఉంటుందా.

"అవునప్పా! పరీక్ష పెడతా ఉండాను. దినమూ ఆడికి పోయి గుడ్డు దాని మూతికాడ పెడతాను. ముట్టదు! సుమ్మా, ఊరికే చెప్పేది కాదు, నువ్వే చూసుకో."

అప్పటికప్పుడు చెంగల్రాయుడు ఎవరి చేతనో ఒక గుడ్డు తెప్పించి, గడప బయటే నిలబడి గోపికి చూపించాడు. గోపి మొహం తిప్పేసుకుంది. చెంగల్రాయుడి కళ్లు చెమర్చాయి. అసూయాపరుడైనా అతను శాకాహారం విషయంలో నిజాయితీపరుడే.

"అన్నా, ఇది మామూలు కుక్క కాదు. వార్షికోత్సవంలో దీనికి శాలువా కప్పాల్సిందే!"

వద్దనడానికి వరదయ్య నోరు తెరిచాడు. "శాలువా కప్పినంక అదే వేదిక మీద మీరు అధ్యక్షులుగా ప్రమాణం చేస్తారు" అని అతను పూర్తి చేసేసరికి ఆ నోరు మూసుకుపోయింది. రెండు రోజుల్లో ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి. వాటి మీద వరదయ్య ఫొటో కన్నా గోపి ఫొటో పెద్దది. పెరుగన్నంతోనే కుక్క దివ్యంగా ఉందని డాక్టరు చేత ఒక పత్రం రాయించి వేదిక మీద చదవాలన్న ఆలోచన కూడా చెంగల్రాయుడిదే. అందుకని రక్త పరీక్ష రోజున తనూ వస్తానన్నాడు. ఇంట్లో మిగతా ముగ్గురు కూడా, ఎందుకో, మేమూ వస్తామని పట్టుబట్టారు.

అలా అయిదుగురు మనుషులు, ఒక కుక్క డాక్టర్ హైమ గదిలో ఇరుక్కున్నారు. ఆమె గోపిని తూకం వేసింది. రక్త పరీక్ష కాగితం చూసింది. మళ్లీ తూకం వేసింది.

"ఇంకో కిలో తగ్గింది. గుడ్డు పెట్టమని చెప్పానా లేదా?"

వరదయ్య ఓరకంట చెంగల్రాయుడిని చూశాడు. "మా ఇంట్లో అట్లాంటివి జరగవు డాక్టరమ్మా. ధర్మం..."

"మీ ధర్మం కోసం నోరులేని జీవాన్ని ఎండబెడతారా? పత్రం సంగతి దేవుడెరుగు. ఇది హింస కింద వస్తుంది. నేను పైవాళ్లకు రాసి తీరాలి."

కోకిల ఒక్కసారిగా భోరుమంది. "రాయొద్దమ్మా! ఎవరు ఎండబెట్టినారు? నేను దినమూ మధ్యాన్నం గుడి ఎనక వీధిలో రెండు గుడ్లు కొనిస్తా ఉండాను!"

వరదయ్య నోరు తెరుచుకుని ఉండగానే శివరామ్ అందుకున్నాడు. "అమ్మా, నువ్వు గూడానా? సత్తియమా, నేను సాయంత్రం డబుల్ ఆమ్లెట్ ఇప్పిస్తా ఉండాను."

"మామా, కోపం చేసుకోవద్దండి," అంది చాందిని తలవంచుకుని. "నేను చికెన్ సూపు. ముక్కలేసింది."

ఇంటి పెద్దగా వరదయ్యకు ఇది తలకొట్టేసినట్టయింది. కుక్క మీద ప్రేమలో తనను ఇంతమంది మించిపోవడం ఆయన భరించలేకపోయాడు. "అందరికన్నా మొదట పెట్టింది నేను! మర్నాడే మొదలుపెట్టినాను, దినానికి రెండు!" అని అరిచేశాడు. అరిచాక గాని చెంగల్రాయుడు గుర్తుకు రాలేదు. అతను అప్పటికే నోటు పుస్తకం తెరిచి రాసుకుంటున్నాడు.

డాక్టర్ హైమ కూడా కాగితం మీద కూడిక వేసింది. "పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, ఆమ్లెట్‌లో రెండు. రోజుకు ఆరు గుడ్లు. పైన ఒక గిన్నె చికెన్ సూపు. నెలకు నూట ఎనభై గుడ్లు తిన్న కుక్క కిలో తగ్గుతుందాండీ?"

ఆమె లోపలికి వెళ్లి తన టిఫిన్ డబ్బాలోంచి గుడ్డు ముక్క తెచ్చి గోపి ముందు పెట్టింది. గోపి మొహం తిప్పేసుకుంది. ముందు వరదయ్యను చూసి తోక ఊపింది. తర్వాత కోకిలను చూసి, శివరామ్‌ను చూసి, చాందినిని చూసి ఊపింది. నలుగురి దగ్గరా నెల రోజులుగా అది ఇదే పరీక్ష నెగ్గుతూ వచ్చింది. నలుగురూ పైకి తలెత్తి ఫ్యాను చూస్తూ నిలబడ్డారు.

"అయితే ఆ నూట ఎనభై గుడ్లూ ఎవరు తిన్నట్టు?" అన్నాడు చెంగల్రాయుడు, పెన్ను పట్టుకుని.

డాక్టర్ హైమ ఒక్కొక్కరినే ఎగాదిగా చూసింది. కోకిల జాకెట్టు చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. శివరామ్ చొక్కాకు పొట్ట దగ్గరి గుండీ ఊడింది. చాందిని చెంపలు నిగనిగలాడుతున్నాయి. ఆమె చూపు చివరికి వరదయ్య దగ్గర ఆగింది.

"పోయిన నెల కన్నా మీ మొహంలో మంచి కళ వచ్చిందండీ, పెద్దాయనా."

గోపి ఇంకా తోక ఊపుతూనే ఉంది. ఆ ఊపు చూసి వరదయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తనను నమ్మి ఎండిపోయిన జీవం అది. కుర్చీ పోయినందుకు కాదు, కుక్క కోసమే ఏడ్చాడని చెప్పాలని ఉంది గాని, నిజానికి రెండింటికీ ఏడ్చాడు.

"దీన్ని గుడ్డు తినేలా ఇప్పుడు మీరెవరూ మార్చలేరు," అంది డాక్టరు కాస్త మెత్తబడి. "మార్చక్కర్లేదు కూడా. ఉడికించిన పప్పులు, పనీరు, సోయా, నేను రాసిచ్చే మందు. శాకాహారమే, లెక్క ప్రకారం పెట్టాలి. మొదటి రోజే చెప్పబోయాను. గుడ్డు అనగానే మీరు పారిపోయారు."

ఆరోగ్య పత్రం రాలేదు కాబట్టి హాస్టలు లేదు, హాస్టలు లేదు కాబట్టి కుంభకోణమూ లేదు. సెలవులు అయిదు రోజులూ నలుగురూ వంతుల వారీగా కుక్కకు పప్పు ఉడికించారు. దీపావళి నాటికి గోపి పక్కటెముకలు కనబడడం మానేశాయి.

వార్షికోత్సవం మాత్రం ఆగలేదు. పత్రికలు పంచేశారు, ముఖ్య అతిథి వస్తానన్నాడు, పైగా సన్మానానికి గోపి అన్ని విధాలా అర్హుడేనని చెంగల్రాయుడే తేల్చి చెప్పాడు. ఆ సాయంత్రం అధ్యక్షుడిగా ప్రమాణం చేసినవాడూ, గోపికి శాలువా కప్పినవాడూ అతనే. వరదయ్య వేదిక మెట్ల దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో గుడ్డు చూపించగా గోపి మొహం తిప్పుకుంటే, సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. వరదయ్య కూడా కొట్టాడు.

ఈ ఏడాది అచ్చయిన సంఘం సభ్యుల పట్టికలో వరదయ్య ఇంటి చిరునామాకు ఎదురుగా ఒకే ఒక్క పేరుంది: గోపి, జీవిత సభ్యుడు.